పల్లాడియం ప్రింట్ అంచుల్లో పసుపు, డెవలపర్ సీసాలో పచ్చ స్ఫటికాలు: పాత పొటాషియం ఆగ్జలేట్‌ను బాగుచేసుకోవచ్చా?

తెల్లకాగితం (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. నేను చేసేవి పల్లాడియం ప్రింట్లు, అంటే కాగితానికి ఇనుము, పల్లాడియం లవణాలు పూసి, నెగటివ్ పెట్టి యూవీ వెలుతురు చూపించి, డెవలపర్ పోసి బొమ్మ తెచ్చేవి. వివరాలన్నీ ఒకేచోట పెడుతున్నాను, దయచేసి చూసి చెప్పండి.

కాగితం: హానెముల్లె ప్లాటినం రాగ్, 8×10 అంగుళాల ప్రింటు.
కోటింగ్: 27 శాతం ఫెర్రిక్ ఆగ్జలేట్ 24 చుక్కలు, సోడియం క్లోరోపల్లాడైట్ 24 చుక్కలు, 5 శాతం ఎన్‌ఏ2 (కాంట్రాస్ట్ కోసం వేసే సోడియం క్లోరోప్లాటినేట్) ఒక చుక్క.
డెవలపర్: పొటాషియం ఆగ్జలేట్, లీటరుకు 320 గ్రాములు. వాడేది 35 డిగ్రీల దగ్గర. ట్రేలో 2 నిమిషాలు.
తర్వాత: కుళాయి నీళ్లలో ఒకసారి కడిగి, క్లియరింగ్‌కి, అంటే కాగితంలో మిగిలిన ఇనుమును తీసేయడానికి, టెట్రాసోడియం ఈడీటీఏ మూడు ట్రేలు, ఒక్కోదాంట్లో 10 నిమిషాలు. ఇంట్లో వచ్చేది బోరు నీళ్లే.

సమస్యలు ఇవీ. కోటింగ్ వేసినా వెలుతురు తగలని అంచు, తడిలో తెల్లగానే ఉండి, ఆరాక లేత పసుపు తేలుతోంది. సీసా అడుగున పసుపు పొడి, దానిమీద ఆకుపచ్చ స్ఫటికాలు. ట్రే అడుగున తెల్లటి పొడి, వేలితో రాస్తే సన్నటి ఇసుకలా తగులుతుంది. పీహెచ్ కాగితం 7, 7.5 మధ్య చూపిస్తోంది. ఈ డెవలపర్ పారబోయాలా, దారిలో పెట్టొచ్చా?

---

నల్లగది (గుంటూరు)
పారబోయకండి. మీరు చెప్పినవాటిలో నాలుగు వేర్వేరు విషయాలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో కారణం, అన్నీ డెవలపర్ నెత్తిన వేయొద్దు.

పసుపు ఛాయ అంటే కాగితంలో ఇనుము మిగిలిపోయింది. ఆగ్జలేట్ చుట్టూ ఉన్నంతసేపూ ఇనుము కరిగి ఉంటుంది. మీరు ప్రింటును డెవలపర్ నుంచి తీసి నేరుగా బోరు నీళ్లలో ముంచుతున్నారు. ఆ నీళ్లు క్షారం వైపు ఉంటాయి. ఆగ్జలేట్ పలచబడిపోతుంది, ఫెర్రిక్ ఇనుము అక్కడికక్కడే హైడ్రాక్సైడ్‌గా మారి కాగితం పోగుల్లో కూర్చుంటుంది. ఒకసారి కూర్చున్నాక ఈడీటీఏకి కూడా లొంగదు. మీ డెవలపర్ పీహెచ్ 7 దాటి ఉండటంతో ఈ పని ట్రేలోనే మొదలవుతోంది.

తెల్లటి పొడి కాల్షియం ఆగ్జలేట్. బోరు నీళ్లలోని సున్నం ఆగ్జలేట్‌తో కలిసి ఇలా దిగుతుంది. నిర్ధారించుకోవాలంటే చిటికెడు పొడి తీసి డిస్టిల్డ్ వాటర్‌లో వేయండి. కరిగిపోతే అది వట్టి పొటాషియం ఆగ్జలేట్ స్ఫటికమే, నీళ్లు ఆవిరై తేలింది. కరగకపోతే పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు చుక్కలు వేయండి. నురగ రాకుండా కరిగితే కాల్షియం ఆగ్జలేట్, బుసబుసా పొంగితే కార్బొనేట్.

పచ్చ స్ఫటికాలు, పసుపు పొడి గురించి ఆగ్జలేట్ గారు నాకంటే బాగా చెప్తారు.

---

ఆగ్జలేట్ (బెంగళూరు)
పిలిచారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ఇది అర్థమైతే మిగతా సగం ప్రశ్నలు అవే తేలిపోతాయి.

వెండి ప్రింట్లలో డెవలపరే పనిచేసే మందు, వాడేకొద్దీ దాని బలం తగ్గుతుంది. ఇక్కడ అలా కాదు. యూవీ వెలుతురు ఫెర్రిక్ ఆగ్జలేట్‌ను ఫెర్రస్ ఆగ్జలేట్‌గా మారుస్తుంది, కొంత కార్బన్ డయాక్సైడ్ పోతుంది. ఈ ఫెర్రస్ ఆగ్జలేట్ నీళ్లలో కరగదు. పొటాషియం ఆగ్జలేట్ పోయగానే కరుగుతుంది, కరిగిన మరుక్షణం పక్కనే ఉన్న పల్లాడియం లవణాన్ని లోహంగా మార్చేస్తుంది. అంటే లోహాన్ని దింపేది కాగితంలో ఉన్న ఇనుమే. డెవలపర్ దాన్ని కరిగించి కదిలిస్తుంది, అంతే. బొమ్మ పోసీ పోయగానే వచ్చేయడానికి కారణం ఇదే.

కాబట్టి ఈ డెవలపర్ అయిపోదు, చెడిపోతుంది. కాగితం వెంట పోయినంత ద్రవం పోతుంది. లోపల చేరేవి ఇవీ: ఫెర్రిక్ ఇనుము, కొద్దిగా ఫెర్రస్ ఇనుము, క్లోరైడు, కాగితం వదిలేసిన పల్లాడియం, కాల్షియం. వీటిలో దేన్ని ఎంతవరకు పేరుకోనిస్తున్నాం అన్నదే డెవలపర్ సంరక్షణ.

పచ్చ స్ఫటికాలు పొటాషియం ఫెర్రిఆగ్జలేట్. వేడి నీళ్లలో చాలా ఎక్కువగా, చల్లటి నీళ్లలో బాగా తక్కువగా కరుగుతుంది. అందుకే రాత్రి చల్లబడ్డాక అడుగున కనిపిస్తుంది, మళ్లీ వేడి చేస్తే మాయమవుతుంది. స్ఫటికాలు కనబడ్డాయంటే ఇనుము బాగానే చేరిందని గుర్తు. వేడి చేయకముందే తేట వంచేసుకుంటే ఆ ఇనుము అడుగునే ఉండిపోతుంది. ఉచితంగా దొరికిన శుద్ధి అది, వదులుకోకండి.

పసుపు పొడి ఫెర్రస్ ఆగ్జలేట్. ఫెర్రిఆగ్జలేట్ ద్రావణంలో ఉన్నా వెలుతురుకి స్పందిస్తుంది. తెల్ల సీసాను కిటికీ పక్కన పెడితే సీసాలోనే ఎక్స్‌పోజర్ అయిపోతుందన్నమాట. ఆ ఫెర్రస్ ఇనుము అక్కడే కరిగి ఉన్న పల్లాడియాన్ని నల్లటి పొడిగా దింపుతుంది కూడా. డెవలపర్‌ను ముదురు గోధుమరంగు సీసాలో గానీ నల్ల కాగితం చుట్టిన డబ్బాలో గానీ, బీరువాలో పెట్టండి.

---

దక్కన్‌ప్రింట్ (వరంగల్)
నాది వేరే మాట. పల్లాడియం ఖరీదు ముందు పొటాషియం ఆగ్జలేట్ ధర ఎంతని? అనుమానం ఉన్న డెవలపర్‌లో ఒక్క ప్రింటు పోయినా కొత్త లీటరు కలిపినదానికంటే ఎక్కువ నష్టం. పాతదాన్ని పక్కన పెట్టి కొత్తది కలుపుకోండ్రి. పాత డెవలపర్‌లో టోన్లు మెత్తగా వస్తయంటారు గానీ, చాలాసార్లు ఆ మెత్తదనం హైలైట్లలో (తెల్లటి భాగాలల్ల) పట్టిన సన్నటి ఫాగే, అంటే వెలుతురు తగలకున్నా పట్టే బూడిద పొర.

---

నల్లగది
దక్కన్‌ప్రింట్ గారూ, ఫాగ్ విషయంలో మీ మాట నిజం, ఒప్పుకుంటాను. కానీ కొత్త డెవలపర్‌కీ తన గుణం తనకుంది. పూర్తిగా కొత్తదాంట్లో మొదటి కొన్ని ప్రింట్ల స్పీడు, రంగు తర్వాతవాటితో కలవవు. ఒకే వరుసలో పది ప్రింట్ల ఎడిషన్ (ఒకే బొమ్మకి ఒకేలాంటి ప్రతులు) చేసేవాళ్లకి అది ఇబ్బంది. అందుకే పెరుగు తోడు పెట్టినట్టు పాతదాంట్లో కొత్తది కలుపుతూ పోవడం. సీసామీద మొదటి రోజు మట్టం దగ్గర గీత గీసుకుని, ప్రతి రోజు పని అయ్యాక ఆ గీత వరకు కొత్త ద్రావణంతో నింపితే మార్పు కంటికి తెలియనంత నెమ్మదిగా ఉంటుంది.

పాతది బాగుందో లేదో వాదన దేనికి, పరీక్ష చేస్తే తేలిపోతుంది.

మామూలు కోటింగ్ వేసి ఆరబెట్టిన కాగితం నుంచి రెండు వేళ్ల వెడల్పు ముక్కలు నాలుగు కోయండి. రెంటికి 21 మెట్ల స్టెప్ వెడ్జ్ (మెట్టు మెట్టుకీ నలుపు పెరిగే ఫిల్ము పట్టీ) పెట్టి ఒకే ఎక్స్‌పోజర్ ఇవ్వండి. మిగతా రెంటికి వెలుతురు అసలు చూపించకండి. ఒక జత పాత డెవలపర్‌లో, ఒక జత కొత్తదాంట్లో, రెండూ ఒకే వేడిలో. తీసిన వెంటనే నాలుగింటినీ 2 శాతం సిట్రిక్ యాసిడ్‌లోకి. మధ్యలో నీళ్లు వద్దు. క్లియరింగ్ అంతా అయ్యి ఎండాక, వెలుతురు చూడని ముక్కలను కోటింగ్ లేని అదే కాగితం పక్కన పెట్టి పగటి వెలుగులో చూడండి.

పాత ముక్క బూడిదగా ఉంటే డెవలపర్‌లోని ఇనుము, పల్లాడియం ఫాగ్ తెస్తున్నాయి, ఆ డెవలపర్‌ను వాడకం నుంచి దింపేయాల్సిందే. పసుపుగా ఉంటే పీహెచ్ లేదా క్లియరింగ్. రెండూ తెల్లగా ఉంటే డెవలపర్‌కి దోషం లేదు. మెట్ల ముక్కల్లో ఒక్కో మెట్టుకీ అర స్టాపు తేడా (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు). రెండు డెవలపర్ల మధ్య ఒక మెట్టు జరిగితే అంత మేర ఎక్స్‌పోజర్ మార్చుకోవాలని లెక్క.

తడిమీద తీర్పు చెప్పొద్దు. పసుపు ఎండాకే బయటపడుతుంది.

---

తెల్లకాగితం
చాలా థాంక్స్ అండి. ఈ వారాంతంలో నాలుగు ముక్కల పరీక్ష చేస్తాను. ఈలోగా పీహెచ్ ఎలా దించాలి? ఎంత వరకు? ఆగ్జాలిక్ యాసిడ్ మార్బుల్ పాలిష్ చేసేవాళ్ల దుకాణంలో దొరుకుతోంది, పనికొస్తుందా?

---

ఆగ్జలేట్
శుద్ధమైన పొటాషియం ఆగ్జలేట్‌ను నీళ్లలో వేస్తేనే పీహెచ్ 7కి పైన ఉంటుంది. కొత్త డెవలపర్‌కి కూడా యాసిడ్ అవసరమే, ఇది గుర్తుపెట్టుకోండి. మీకు కావాల్సింది 5.5 నుంచి 6.5 మధ్య. నేనైతే 6 దగ్గర ఆపుతాను.

ఆగ్జాలిక్ యాసిడ్ 10 గ్రాములు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి 100 మి.లీ. చేయండి. డెవలపర్ గది వేడిలో ఉండగా లీటరుకు 5 మి.లీ. పోసి, బాగా కలిపి, రెండు నిమిషాలు ఆగి కొలవండి. మళ్లీ 5 మి.లీ. సాధారణంగా 10 నుంచి 20 మి.లీ. లోపు 6కి వచ్చేస్తుంది, అంటే లీటరుకు ఒకటి రెండు గ్రాముల యాసిడ్. అంతకంటే చాలా ఎక్కువ పడుతోందంటే లోపల కార్బొనేట్ మిగిలి ఉంది, లేదా మీరు వాడిన నీళ్లలోనే క్షారం ఎక్కువ.

5 కిందికి దిగనివ్వకండి. అక్కడ పొటాషియం హైడ్రోజన్ ఆగ్జలేట్ తయారవుతుంది. అది నీళ్లలో చాలా తక్కువ కరుగుతుంది కాబట్టి తెల్లటి సూదుల్లా దిగుతుంది. మీ డెవలపర్ బలం అడుగున కూర్చున్నట్టే. పొరపాటున అలా దిగితే యాసిడ్ ఆపి, పొటాషియం కార్బొనేట్ ద్రావణం చుక్కలు చుక్కలుగా వేసి వేడి చేయండి, తిరిగి కరుగుతుంది.

పీహెచ్ కాగితం 1 నుంచి 14 వరకు చూపించేది వద్దు. 4.5 నుంచి 7 లాంటి ఇరుకు పరిధిది తీసుకోండి. డెవలపర్‌కే లేత పచ్చరంగు ఉంటుంది కాబట్టి కాగితం రంగు మోసం చేస్తుంది. తడిపి, అంచుకు పాకిన తడి దగ్గర చూడండి. మీటర్ ఉంటే మంచిదే, కానీ వాడాక డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడగాలి, ఇంత గాఢమైన ఉప్పులో ఎలక్ట్రోడు ఎక్కువసేపు ఉంచకూడదు.

పాలిష్ దుకాణం యాసిడ్ వద్దు. అందులో ఏం కలిసి ఉంటుందో సీసామీద రాసి ఉండదు. ల్యాబ్ సప్లయర్ల దగ్గర ఎల్ఆర్ గ్రేడ్ (ల్యాబ్ వాడకానికి తగిన శుద్ధత) చాలు.

చేతులకి గ్లవ్స్ తప్పనిసరి. ఆగ్జలేట్లు లోపలికి పోతే ఒంట్లోని కాల్షియంతో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. పొడి తూచేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. వంటగది గిన్నె, గరిటె ఏదీ దీనికి తేవొద్దు, వాడినదాన్ని మళ్లీ వంటగదికి పంపొద్దు.

---

దక్కన్‌ప్రింట్
పొటాషియం ఆగ్జలేట్ దొరకనప్పుడు ఇంట్లోనే చేసుకునే లెక్క ఇక్కడ పెడుతున్న, చాలామంది అడుగుతున్నరు.

ఆగ్జాలిక్ యాసిడ్ డైహైడ్రేట్ 250 గ్రా., పొటాషియం కార్బొనేట్ 275 గ్రా. దగ్గర దగ్గర. దీంతో సుమారు 365 గ్రాముల పొటాషియం ఆగ్జలేట్ మోనోహైడ్రేట్ వస్తది. మొత్తం 1.1 లీటర్లకు సరిచేస్తే బలం దాదాపు 33 శాతం.

800 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ 60 డిగ్రీలకు వేడి చేసి, కనీసం 3 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ల పోయండ్రి. యాసిడ్ మొత్తం కరిగించాలె. తర్వాత కార్బొనేట్ చెంచా చెంచా వేయాలె. ప్రతి చెంచాకు పొంగు వస్తది, అది దిగినాకనే ఇంకో చెంచా. ఒక్కసారి కుమ్మరిస్తే బకెట్ బయటికి పొంగుతది. సగం కార్బొనేట్ పడినాక తెల్లటి మడ్డి దిగుతది. చెడిపోయిందని పారబోయకండ్రి. ఆగ్జలేట్ గారు పైన చెప్పిన హైడ్రోజన్ ఆగ్జలేటే అది, మిగతా సగం పడేకొద్దీ కరిగిపోతది.

చివరి 20 గ్రాముల కాడ తూకం మీద నమ్మకం పెట్టుకోవద్దు. పొటాషియం కార్బొనేట్ గాలిల తేమ పీలుస్తది, డబ్బా మూత తీసి పెట్టి ఉంటే 275 గ్రాములల నీళ్లెన్ని, కార్బొనేట్ ఎంత తెలియదు. పొంగు ఆగి, పీహెచ్ 6 చూపించిన కాడ ఆపేయాలె. దాటితే కొంచెం ఆగ్జాలిక్ యాసిడ్ వేసి వెనక్కి తేవొచ్చు. రాత్రంతా ఉంచి, కాఫీ ఫిల్టర్ కాగితంల వడగట్టి సీసాల పోసుకోండ్రి.

---

వైజాగ్_యూవీ (విశాఖపట్నం)
వేడి గురించి ఎవరూ మాట్లాడలేదు. పల్లాడియానికి పీహెచ్ తర్వాత అతి పెద్ద మీట అదే.

20 డిగ్రీల డెవలపర్‌లో పల్లాడియం కాస్త చల్లటి గోధుమరంగులో వస్తుంది. 40 దాటితే ఎర్రటి వెచ్చదనం. వేడి పెరిగేకొద్దీ స్పీడు పెరుగుతుంది, కాంట్రాస్ట్ కొంచెం తగ్గుతుంది. అంటే వేడిలో 3 నిమిషాల ఎక్స్‌పోజర్ సరిపోయిన నెగటివ్‌కి చల్లటి డెవలపర్‌లో ఇంకా ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. మన దగ్గర మే నెలలో ఏమీ చేయకుండానే సీసా 34, 35 డిగ్రీలు ఉంటుంది, డిసెంబరు పొద్దున 22. ఒకే నెగటివ్, ఒకే లెక్క, రెండు వేర్వేరు ప్రింట్లు. అందుకని ఏడాది పొడుగునా మన ఎండాకాలం వేడికి పైన ఒక అంకె ఎంచుకుని, అంతవరకు వేడి చేసుకోవడం తేలిక. నేను చెప్పే అంకె 40. చల్లబరచడం కంటే వేడి చేయడం సులువు కదా.

సీసాను వేడినీళ్ల బకెట్‌లో పెట్టి వేడెక్కించండి. నేరుగా స్టవ్ మీద పెడితే అడుగున ఉన్న స్ఫటికాలు ఎగిరి చిట్లుతాయి. ఇనుప పాత్ర, ఎనామిల్ ఊడిన ట్రే అసలు వద్దు. పోసేముందు ట్రేని కూడా వేడినీళ్లతో వెచ్చబెట్టి తుడవండి, లేకపోతే చల్లటి ట్రేలో పోసిన క్షణంలోనే 4, 5 డిగ్రీలు పడిపోతుంది. థర్మామీటర్ సీసాలో కాదు, ట్రేలో పెట్టి చూడాలి.

పోయడం: ప్రింటును పొడి ట్రేలో ముఖం పైకి పెట్టి, 8×10కి కనీసం అర లీటరు, ఒకే ఊపులో ఒక అంచు నుంచి. మధ్యలో చెయ్యి ఆగిందా, ఆ గీత ప్రింటులో శాశ్వతం. డెవలప్‌మెంట్ క్షణంలో అయిపోతుంది కాబట్టి తర్వాత ఎంత ఊపినా ఆ గీత పోదు.

వేడి చేస్తే నీళ్లు ఆవిరవుతాయి. మట్టం తగ్గితే అది ఆవిరి వల్లా, కాగితాలు తాగినందువల్లా అని వేరుచేసి చూడాలి. ఆవిరికి డిస్టిల్డ్ వాటర్ పోయాలి, కాగితం తాగినదానికి కొత్త డెవలపర్ పోయాలి. తేడా తెలుసుకోవడానికి కారు బ్యాటరీలకు వాడే హైడ్రోమీటర్ చక్కగా పనికొస్తుంది. కొత్తగా కలిపిన రోజు, గది వేడి దగ్గర, అది ఎక్కడ తేలుతుందో సీసామీద రాసుకోండి. తర్వాత పైకి తేలితే గాఢత పెరిగింది, నీళ్లు పోయండి. మునిగితే పలచబడింది.

---

నల్లగది
వైజాగ్ గారి హైడ్రోమీటర్ మాటకి ఒక చేర్పు. పాత డెవలపర్‌లో ఇనుము, క్లోరైడు లవణాలు కూడా బరువు పెంచుతాయి. కాబట్టి నెలల తరబడి అదే అంకె చూసి ఆగ్జలేట్ అంతా అలాగే ఉందనుకోవద్దు. ఒక వారం లోపలి తేడాకైతే నమ్మొచ్చు.

---

డల్లాస్_తెలుగు (టెక్సస్)
ఇక్కడ నల్లా నీళ్లూ కఠినంగానే ఉంటాయి, అందుకని డెవలపర్‌కీ మొదటి క్లియరింగ్‌కీ సీసా డిస్టిల్డ్ వాటరే. వేడి ఉంచడానికి ఇక్కడివాళ్లు స్లో కుక్కర్‌లో డెవలపర్ పెడతారు, పింగాణీ గిన్నె ఉన్నది, దానికోసమే కేటాయించినది.

తెల్లకాగితం గారూ, చల్లటి రంగు ఇష్టమైతే అమోనియం సిట్రేట్ ఒకసారి చూడండి. వేడి అక్కర్లేదు, విషం తక్కువ, క్లియరింగ్ కూడా తేలిక, ఎందుకంటే సిట్రేట్ ఇనుమును తనే పట్టుకుంటుంది. కాల్షియం ఆగ్జలేట్ గొడవ కూడా బాగా తగ్గుతుంది. పల్లాడియంలో ఆగ్జలేట్ వెచ్చటి గోధుమ ఇస్తే ఇది దాదాపు తటస్థమైన గోధుమ–నలుపు ఇస్తుంది. స్పీడు మాత్రం తగ్గుతుంది, స్టెప్ వెడ్జ్‌తో కొత్తగా లెక్క కట్టుకోవాలి.

డైఅమోనియం సిట్రేట్ పొడి దొరికితే లీటరుకు 250 గ్రా. దొరకకపోతే సిట్రిక్ యాసిడ్ మోనోహైడ్రేట్ 232 గ్రా. 600 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, 25 శాతం అమోనియా ద్రావణం సుమారు 165 మి.లీ. సన్నటి ధారగా పోస్తూ కలపాలి. బాగా వేడెక్కుతుంది, గిన్నెను చల్లటి నీళ్లలో పెట్టుకోండి. ఆరుబయటే చేయాలి, గాలికి ఎదురుగా నిలబడొద్దు. పీహెచ్ 5 దగ్గర ఆపి లీటరుకు నింపండి. ట్రైఅమోనియం సిట్రేట్ కొంటే దాని పీహెచ్ 7 దగ్గర ఉంటుంది, సిట్రిక్ యాసిడ్‌తో దించాలి.

ఒక్క లోపం, బూజు పడుతుంది. నెలకోసారి వడగట్టండి, నిండా ఉన్న చిన్న సీసాల్లో పెట్టండి. ఆగ్జలేట్ ట్రే, సిట్రేట్ ట్రే వేర్వేరుగా ఉండాలి. రెండూ కలిపి మధ్యస్థ రంగు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు గానీ, ఒకసారి కలిస్తే మళ్లీ అదే రంగు తెప్పించడం కష్టం.

---

దక్కన్‌ప్రింట్
కాంట్రాస్ట్ కోసం డెవలపర్‌ల పొటాషియం డైక్రోమేట్ వేసే పద్ధతి గురించి ఎవరన్న రాస్తరేమో అని చూస్తున్న. నా సలహా అయితే వద్దని.

---

ఆగ్జలేట్
నాదీ అదే సలహా, కారణాలతో చెప్తాను. డైక్రోమేట్ ఆక్సీకరణ మందు, ఆగ్జలేట్ క్షయకరణ గుణమున్నది. రెంటినీ ఆమ్ల ద్రావణంలో, వేడిలో ఒకే సీసాలో పెడితే డైక్రోమేట్ మెల్లగా క్రోమియం లవణంగా మారిపోతుంది. నారింజ పచ్చగా మారుతుంది. అంటే కాంట్రాస్ట్ రోజురోజుకీ తగ్గిపోతుంది, ఎంత తగ్గిందో చెప్పడానికి కొలత ఉండదు. ఇనుము పచ్చ కూడా అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి రంగు చూసి చెప్పలేం. పైగా ఒక్కో కాంట్రాస్ట్‌కి ఒక్కో సీసా కావాలి. అన్నిటికీ మించి డైక్రోమేట్ క్యాన్సర్ కారకం.

పల్లాడియం ఒక్కటే వాడేవాళ్లకి ఎన్‌ఏ2 ఉండనే ఉంది. సోడియం క్లోరోప్లాటినేట్ కోటింగ్‌లోనే చుక్క పడుతుంది, డెవలపర్ జోలికి పోదు. 20 శాతం నుంచి సగం సగం పలచబరుస్తూ 10, 5, 2.5, 1.25 సీసాలు పెట్టుకుంటే 8×10కి ఒకటి రెండు చుక్కలతో చాలా నెగటివ్‌లు సర్దుకుంటాయి. కోటింగ్‌లో ప్లాటినం ఎక్కువ కలిపేవాళ్లకి మాత్రం ఎన్‌ఏ2 సరిగా పనిచేయదు. వాళ్లు కోటింగ్‌లో ఫెర్రిక్ ఆగ్జలేట్ నంబర్ 2, అంటే పొటాషియం క్లోరేట్ కలిపిన ఫెర్రిక్ ఆగ్జలేట్, వాడే పద్ధతికి పోవాలి. అది హద్దు మీరితే గరుకు కనిపిస్తుంది.

---

తెల్లకాగితం
పరీక్ష ఫలితాలు.

పాత డెవలపర్‌ను కదపకుండా తేట వంచి, రెండుసార్లు వడగట్టాను. ఆగ్జాలిక్ ద్రావణం లీటరుకు 15 మి.లీ. పోస్తే పీహెచ్ 6కి వచ్చింది. నాలుగు ముక్కలూ 38 డిగ్రీల దగ్గర.

వెలుతురు చూడని రెండు ముక్కలూ ఎండాక కాగితంతో సమానంగా తెల్లగా ఉన్నాయి. అదనంగా ఒక ముక్కను పాత పద్ధతిలో బోరు నీళ్లలో కడిగి తర్వాత ఈడీటీఏకి పంపాను, అది ఒక్కటే పసుపు. మెట్ల ముక్కల్లో పాతది కొత్తదానికంటే సగం మెట్టు ముదురుగా ఉంది, తెలుపు వైపు మెట్లు రెంటిలోనూ శుభ్రంగా ఉన్నాయి.

తెల్లపొడి యాసిడ్‌లో నురగ లేకుండా కరిగింది.

మిగిలినవి రెండు ప్రశ్నలు. ఈడీటీఏ టెట్రాసోడియం కొనసాగించవచ్చా? ప్రింట్ల నల్లటి భాగాల నుంచి డెవలపర్‌లోకి నల్లటి పొగలాంటిది లేస్తోంది, ట్రేలో సన్నటి నల్లపొడి మిగులుతోంది. అదేమిటి?

---

నల్లగది
బాగుంది. డెవలపర్ నిర్దోషి అని తేలింది.

టెట్రాసోడియం ఈడీటీఏ గట్టి క్షారం. ఇనుము నిండా ఉన్న కాగితాన్ని నేరుగా అందులో ముంచితే బోరు నీళ్లు చేసిన పనే అదీ కొంత చేస్తుంది. వరుస ఇలా మార్చండి: డెవలపర్ నుంచి 2 శాతం సిట్రిక్ యాసిడ్ 5 నిమిషాలు, లేదా 5 శాతం డైసోడియం ఈడీటీఏ 10 నిమిషాలు, రెండూ ఆమ్లం వైపువే. తర్వాత 2.5 శాతం సోడియం మెటాబైసల్ఫైట్ 10 నిమిషాలు. మిగిలిన ఫెర్రిక్ ఇనుమును ఇది ఫెర్రస్‌గా మారుస్తుంది, అది సులువుగా కరుగుతుంది. చివరగా 5 శాతం టెట్రాసోడియం ఈడీటీఏ 10 నిమిషాలు. ఇక్కడ క్షారం మంచిదే, పోగుల్లో చిక్కిన కాల్షియం ఆగ్జలేట్‌ను కూడా లాగేస్తుంది. ఆ తర్వాత అరగంట పారే నీళ్లు, అప్పుడు బోరు నీళ్లైనా పరవాలేదు. మొదటి ట్రే పసుపు తిరిగితే మార్చేయండి, రెండో ట్రేని మొదటి స్థానానికి జరపొద్దు, ఇవి వేర్వేరు మందులు.

---

వైజాగ్_యూవీ
నల్లపొగ డెవలపర్ తప్పు కాదు. లోహం కాగితం పోగుల్లోకి దిగకుండా పైపొరలోనే ఉండిపోయింది. డెవలపర్ తగలగానే అక్కడే లోహంగా మారి, పట్టు లేక రాలిపోతోంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గదుల్లో గాలి మరీ పొడిగా ఉంటుంది, కాగితం కోటింగ్‌ను తాగేలోపే పైన ఎండిపోతుంది. గదిలో తేమ 55 నుంచి 60 శాతం దగ్గర ఉంచండి. కాగితాన్ని కోటింగ్‌కి ముందు ఒక అరగంట ఆ తేమలో ఉంచండి. కోటింగ్ వేశాక తడి మెరుపు పోయేదాకా కదపకుండా వదిలి, ఆ తర్వాతే ఫ్యాన్. హెయిర్ డ్రయర్ వేడిగాలి వద్దు. అప్పటికీ పొగ వస్తే కోటింగ్‌లో 10 శాతం ట్వీన్ 20 (మందు కాగితంలోకి ఇంకేలా చేసేది) ఒక చుక్క వేసి చూడండి, లేదా 24 చుక్కలను 20కి తగ్గించండి.

మా దగ్గర సమస్య తిరగేసి ఉంటుంది. ఆగస్టులో తేమ 80 దాటితే నీడల్లో కంచు మెరుపు, తెల్లటి చోట్ల ఫాగ్. గదికి డీహ్యూమిడిఫయర్ పెట్టుకోక తప్పదు.

ట్రేలో రాలిన నల్లపొడి తర్వాతి ప్రింటు మీద అంటుకుంటుంది. ప్రతి పని రోజు చివర వడగట్టండి.

---

దక్కన్‌ప్రింట్
ఆ ఫిల్టర్ కాగితాలు చెత్తబుట్టల వేయకండ్రి. నల్లపొడిల ఉన్నది పల్లాడియమే. ఎండబెట్టి ఒక డబ్బాల జమ చేసుకుంటే, కొంత కూడినాక అమూల్య లోహాలు శుద్ధి చేసేటోళ్లకు ఇయ్యొచ్చు.

అడుగు మడ్డి, పాడైన డెవలపర్ మోరీల పోయొద్దు. కాల్షియం క్లోరైడ్ ద్రావణం గానీ సున్నపు తేట గానీ ఇంక తెల్లపొడి దిగడం ఆగేదాక కలపండ్రి. ఆగ్జలేట్ కరగని కాల్షియం ఆగ్జలేట్ అయి కిందికి వస్తది. రాత్రంతా ఉంచి తేట వేరు చేసి, మడ్డిని ఎండబెట్టి మూత ఉన్న డబ్బాల కట్టి రసాయన వ్యర్థాలు తీసుకునేటోళ్లకు అప్పజెప్పండ్రి.

---

తెల్లకాగితం
సగం మెట్టు తేడా గురించి చివరి ప్రశ్న. పాతదాంట్లో కొత్తది ఒకేసారి ఎంత కలిపితే మధ్యలో ఎడిషన్ తేడా రాదు?

---

నల్లగది
మొత్తంలో పదో వంతుకి మించకుండా. రెండు లీటర్ల సీసాకి 200 మి.లీ. ఎడిషన్ మొదలుపెట్టే ముందురోజు కలిపి, రాత్రి ఉంచి, పొద్దున వడగట్టి, స్టెప్ వెడ్జ్ ముక్క ఒకటి వేసి చూసుకోండి. ఎడిషన్ మధ్యలో కొత్తది పోయాల్సి వస్తే ప్రింటు ప్రింటుకీ 20, 30 మి.లీ. చొప్పున, ముందే అదే వేడికి తెచ్చి పోయండి. కలిపే కొత్తదాని పీహెచ్ కూడా ముందే 6కి తెచ్చి ఉంచాలి. చాలామంది సీసాలోది సరిచేస్తారు, నింపేదాన్ని కొలవరు, వారం తిరిగేసరికి మళ్లీ 7 దగ్గరికి వచ్చేస్తుంది.